పులికి ఆకలేసింది

"ఈ పూట కూడా వీడు తినకపోతే బ్యాగులు సర్దేస్తానంతే. రైడ్లూ వద్దు, గీడ్లూ వద్దు!" అంది తల్లి, రెస్టారెంటు బల్ల మీద హ్యాండ్‌బ్యాగు ఠపీమని పెట్టి.

థీమ్ పార్కుకి వచ్చి రెండు రోజులైంది. రెండేళ్ల పిల్లాడు ఇప్పటిదాకా తిన్నదల్లా సగం బిస్కెట్టూ, ఎవరూ చూడనప్పుడు కాస్త టిష్యూ పేపరూ.

"అలా అనకు. పెద్ద జారుడుబండ ఇంకా ఎక్కనే లేదు," నసిగాడు తండ్రి.

"వాణ్ణి దాని దగ్గరికే రానివ్వరుగా!"

"నేను ఎక్కలేదంటున్నా."

నానమ్మ నిట్టూర్చింది. "ఈ వయసులో మా వాడు కంచం నాకేసేవాడు."

"ఇప్పుడూ అంతేగా అత్తయ్యా!" అంది కోడలు.

ఆ రెస్టారెంటులో ఓ మూల రంగు బంతుల తొట్టి ఉంది. ప్లేట్లు వచ్చేదాకా పిల్లలు అందులో ఆడుకోవచ్చు. వీళ్లూ పిల్లాణ్ణి అందులో వదిలారు. అక్కడున్న అమ్మాయి వచ్చిన ప్రతి పిల్లాడికీ తోకా చెవులూ ఉన్న పులి డ్రెస్సు తొడిగి, మొహమంతా పసుపు రంగు పూసి, నల్ల చారలు గీసేస్తోంది. తొట్టి నిండా పులులే.

ప్లేట్లు వచ్చాయి. తండ్రి తొట్టి దగ్గరికి వెళ్లి, "చిన్నా! రా నాన్నా, తిందాం!" అని భయపడుతూనే పిలిచాడు.

తిండి మాట వింటే బల్ల కింద దూరే పిల్లాడు ఈసారి బంతులు తోసుకుంటూ వచ్చి రెండు చేతులూ చాచాడు.  తండ్రి వాణ్ణి ఎత్తుకుని పరుగున వచ్చేశాడు.

తల్లి మొదటి చెంచా పెట్టింది. క్యారెట్టు. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

గుటుక్కుమంది. నోరు మళ్లీ తెరుచుకుంది.

"ఎవరూ కదలకండి," గుసగుసగా అన్నాడు తండ్రి.

బీన్సు వెళ్లింది. గుడ్డు వెళ్లింది. గిన్నెడు అన్నం వెళ్లింది.

"ఇలా ఇవ్వమ్మాయ్, నా చేతి ముద్ద పడితే ఇంకా తింటాడు," నానమ్మ ప్లేటు లాక్కుంది.

"మీ చేతి మహిమేం కాదత్తయ్యా! పొద్దుట్నుంచీ ఎండలో నడిపించి ఆకలి పుట్టించింది నేను."

"అసలు పార్కుకి తీసుకొచ్చిందెవరు?" అన్నాడు తండ్రి.

ఆ గొప్ప ఎవరిదో తేలేలోపు పిల్లాడు తండ్రి ప్లేటులోని కోడి ముక్క కూడా లాక్కుని తినేశాడు. ఎముక పక్కన పెట్టి, "ఇంకా!" అన్నాడు.

తల్లికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "విన్నారా? 'వద్దు' తప్ప ఇంకో మాట రాని వెధవ 'ఇంకా' అన్నాడండీ!"

"నా బంగారు కొండ!" అని నానమ్మ మెటికలు విరిచింది.

"ఏమండీ, మీరు వెళ్లి ఆ జారుడుబండ ఎన్నిసార్లు ఎక్కుతారో ఎక్కండి. కింద నిలబడి ఫొటోలు నేను తీస్తా," అంది తల్లి. పెళ్లయ్యాక ఆమె ఇంత మంచి మాట అనడం అతనికి గుర్తులేదు.

పొంగిపోయి పిల్లాణ్ణి గాల్లోకి లేపాడు. "అబ్బ! ఒక్క పూటకే ఎంత బరువెక్కాడో!"

అప్పుడే కిటికీ పక్క బల్ల దగ్గర, ఒళ్లో ఓ బుల్లి పులితో పెనుగులాడుతున్న ఒకావిడ గొంతు హాలంతా వినిపించింది: "ఏమండీ, డాక్టరుకి ఫోన్ చేయండి! గిన్నెలు ఖాళీ చేసే మన పిల్లాడు ఇవాళ పెట్టిన ప్రతి ముద్దా ఊసేస్తున్నాడు!"