తామరపిట్ట తండ్రి మీద తగవు

తామరపిట్ట కాలివేళ్ళు ఎంత పొడుగంటే, అది మన చెరువులో నిలబడితే చిటికెనవేలు పక్క ఊరి చెరువులో తడుస్తుంది. ఆ వేళ్ళ వల్లే తామరాకుల మీద మునగకుండా తిరుగుతుంది. ఆ జాతిలో ఆడది గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. పొదిగేదీ పెంచేదీ మగపిట్టే.

అలాంటి ఒక మగపిట్ట గుడ్లు పొదిగి, నాలుగు పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని కూర్చున్న పూటే కొంగ తగవుకొచ్చింది.

"ఏమయ్యా, సిగ్గు లేదూ? మగాడివై ఉండి పిల్లల్ని సాకుతావా? చెరువు పరువు తీశావు. లే, వెళ్ళి మీ ఆవిణ్ణి పిలుచుకురా. అందాకా పిల్లల్ని నేను చూస్తాలే."

కొంగ కోపానికి చెరువు నీళ్ళు సలసలా కాగాయి. గట్టున ఉన్న కప్పలన్నీ "పెద్దాయన చెప్పింది నిజమే" అని తలలూపాయి. తామరపిట్టకి ఒళ్ళు మండింది.

"మొన్న బాతుపిల్లల్ని కూడా నువ్వే చూశావుగా బాబాయ్. ఇవాళ అవి కనబడవేం?"

"పెద్దల్ని అంత మాటంటావా?" అని కొంగ ముక్కు చాచి దూకింది.

తామరపిట్ట రెక్కలు బిగించి లేచింది. చంకల్లోంచి పిల్లల కాళ్ళు ఎనిమిదీ పుల్లల్లా వేలాడుతుండగా ఆకు మీంచి ఆకు మీదికి పరుగెత్తింది. కొంగ వెంటపడి మొదటి ఆకు మీద కాలు పెట్టిందో లేదో, మెడదాకా బురదలో దిగబడింది.

"చూశారా, ఈ కాలపు తండ్రులకి పెద్దలంటే గౌరవం లేదు" అని గట్టువైపు తిరిగి మొత్తుకుంది.

తలూపడానికి అక్కడ ఒక్క కప్పా లేదు. కొంగ కడుపు ఇంకా ఖాళీగానే ఉందని వాటికి తెలిసిపోయింది.