చీజ్ కింద ఎండ్రకాయ

ఓవెన్ తలుపు తెరవగానే పెరడంతా కమ్మటి వాసన.

ఎండ్రకాయల కండ వలిచి, ఉల్లిపాయ, మిరియాలతో వేయించి, మళ్ళీ వాటి డిప్పల్లోనే కూరి, పైన చీజ్ తురిమి కాల్చిన వంట అది. కాంట్రాక్టర్ రాఘవేంద్ర కొత్త పెట్రోలు బంకు తెరిచిన సందర్భంగా ఇచ్చే విందు. ఎండ్రకాయలు చెన్నై నుంచి మంచుపెట్టెల్లో వచ్చాయి. వండడానికి గంగాధర్ వచ్చాడు. గోవా హోటల్లో పనిచేసి తిరిగొచ్చిన గంగాధర్‌కు అనంతపురంలో ఆ ఒక్క వంటతోనే పేరు.

పెరటి వాకిట్లో ఒక ముసలాయన నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా దుమ్ము.

"గంగాధరంటే నువ్వేనా, నాయనా?"

"అవునప్పా. ఏం గావల్ల?"

"తనకల్లు నుంచి వస్తాండా. నువ్వు చేసే ఆ వంట... రోంత రుచి చూపిస్తావా?"

గంగాధర్‌కు నవ్వొచ్చింది.

"ఎండ్రకాయల కోసరం ఇంత దూరం రావల్లనా? మీ చెర్లో లేవా?"

"చెర్లో నీళ్ళుంటే గదా."

"ఇది పెద్దోళ్ళ తిండి. ఆ పక్క సంగటి ఉండాది, తినిపో."

"ఒక్క డిప్ప, నాయనా."

"చెప్తే అర్థం కాదా? పో అవతలికి!"

ముసలాయన వేడి పళ్ళెం వైపు కాసేపు చూశాడు. వెనుదిరిగి గేటు వైపు నడిచాడు.

లోపల అతిథులు లొట్టలు వేస్తున్నారు.

"ఎవరు నేర్పినారప్పా నీకు?" అన్నాడొకాయన.

గంగాధర్ క్షణం తడబడ్డాడు.

"ఎవరూ లేదు సార్. నేనే కనిపెట్టినా."

రాఘవేంద్ర అతని భుజం తట్టాడు.

కాసేపటికి ఎంగిలి పళ్ళేలు వంటింటికి తిరిగొచ్చాయి. సగం సగం తిని వదిలేసిన డిప్పలు. వాటిని చెత్తబుట్టలోకి వంపుతుంటే గేటు దగ్గర కాపలా ఉండే సుంకప్ప వచ్చాడు.

"పాపం, ఆ ముసలాయన ఏమీ తినకనే పోయినాడన్నా."

"పోతే పోనీ. నాకేమన్నా చుట్టమా?"

"ఆయప్ప కొడుకు గూడా ఇదే వంట చేస్తాండెనంట. ఇంటికొచ్చి చేసి పెడతా నాయనా అంటాండెనంట. రాకనే సచ్చిపోయినాడంట. వాని చేతి వంట ఎట్లుంటాదో ఒక్కసారన్నా నోట్లో పెట్టుకుందామని వచ్చినా అన్నాడు."

గంగాధర్ చెయ్యి ఆగిపోయింది.

"కొడుకు... యాడ చేస్తాండెనంట?"

"గోవాలో."

గంగాధర్ గేటు దాకా పరుగెత్తాడు. తనకల్లు వైపు పోయే కదిరి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. రోడ్డంతా ఎండ.

దిక్కులేక గోవా చేరిన గంగాధర్‌ను తన చాప మీద పడుకోబెట్టుకుని, ఈ వంట చేయిపట్టి నేర్పి, అక్కడే జ్వరంతో కన్నుమూసిన లింగప్పకు ఆయన కన్నతండ్రి.