పప్పు ఉడకదు

తెల్లారి తలుపు తీసిన నర్సింహులు గుమ్మంలోనే ఆగిపోయాడు.

రాత్రి వాకిట్లో ఖాళీగా వదిలేసిన రాగి గంగాళం అంచుల దాకా నీళ్లతో నిండి ఉంది.

దోసిట్లోకి తీసుకుని వాసన చూశాడు. సన్నగా తోలు వాసన.

ఎవరు ముట్టారో, ఏం కలిపారో! కొత్తగా హోటల్ పెడుతున్నవాడి మీద నలుగురి కన్నూ పడకుండా ఉంటుందా?

నీళ్లన్నీ వీధిలోకి పారబోశాడు. గంగాళాన్ని చింతపండుతో మూడుసార్లు తోమి ఎండలో బోర్లించాడు.

పోలీసు చర్య జరిగాక ఐదో ఏడు అది. వికారాబాద్ స్టేషను ముందు పదేళ్లు హోటల్ నడిపి, 'ముద్దపప్పు నర్సింహులు' అనిపించుకున్న మనిషి ఆయన. తాండూరులో నాపరాయి గనులు జోరు మీదున్నాయని విని ఇక్కడికి వచ్చాడు. ఇంట గెలిచాను, ఇక రచ్చే మిగిలిందనుకున్నాడు. ఎల్లుండి అంగడి రోజున హోటల్ మొదలు.

ఇంతలో గడ్డం నెరిసిన ముసలాయన ఒకడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కుడి భుజం ఓ పక్కకి ఒరిగి ఉంది. బోర్లించిన గంగాళం వంక కాసేపు చూసి నవ్వాడు.

"సేటు, నా పేరు ఇస్మాయిల్. ఒక్క మాట చెప్పి పోదామని వచ్చిన. గీ ఊళ్ల నీ పప్పు ఉడకది."

నర్సింహులుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవడు ఉడకనియ్యడో నేను గూడ చూస్త!"

"అరె, గరం కాకు బేటా. గిది నోటితోని చెప్తే ఎవ్వరు నమ్మరు. నాల్కెకే తెల్వాలె. నాకు మస్తు ఇష్టమైన జాగలు మూడున్నయి. జర నాతోని నడువు."

నర్సింహులుకు కోపం ఉంది గానీ, కుతూహలం అంతకన్నా ఎక్కువ. పోటీవాళ్ల గుట్టు తెలుస్తుందిలే అనుకుని చెప్పులు వేసుకున్నాడు.

మొదటిది శంకరమ్మ పాక. జొన్నరొట్టె మీద కందిపప్పు వేసి ఇచ్చింది. వేలు తగిలితే చాలు, పప్పు వెన్నలా జారింది.

"ఏమేస్తవమ్మా గిండ్ల?"

"ఏమేస్త? ఉప్పు, పసుపు, రెండు మిరపకాయలు."

దాస్తోంది, అనుకున్నాడు నర్సింహులు.

రెండోది ముక్తార్ చాయ్ దుకాణం. ఒక కప్పుతో లేచి రాలేకపోయాడు. ఏం వేస్తున్నావని అడిగితే ముక్తార్ కూడా అదే మాట. "చాయ్ పత్తి, పాలు, చక్కెర. ఇంకేముంటది సేటు?"

మూడోది కొండమ్మ అంబలి. ముంత ఎత్తినవాడు అడుగు కనిపించేదాకా దించలేదు. అప్పటికి ఆమెను అడగడం కూడా మానేశాడు.

ముసలాయన మాత్రం ఎక్కడా ముద్ద ముట్టలేదు. మూడు చోట్లా ఒక్కో గ్లాసు మంచినీళ్లు తాగాడు. పుక్కిట పట్టి, కళ్లు మూసుకుని, మెల్లగా మింగాడు.

"నువ్వు తినవేంది తాతా?"

"నాకు గిదే పసందు బేటా."

తిరిగి వస్తుంటే దారిలో ఆగాడు ముసలాయన.

"రుచి చూసినవు గద. గిప్పుడు చెప్పు, నీ పప్పు ఉడుకుతదా?"

నర్సింహులు ఇక తట్టుకోలేకపోయాడు.

"బెదిరిస్తున్నవా? గా ముగ్గురు కలిసి తోలిన్రా నిన్ను? మళ్ల నా గడప తొక్కితే బాగుండది!"



"నీ దుకాణం సల్లగుండాలె బేటా," అని ముసలాయన భుజం సవరించుకుంటూ వెళ్లిపోయాడు.

అంగడి రోజు హోటల్ ముందు జనం ఇసకేస్తే రాలనంత.

తెల్లవారుజామున పొయ్యి ఎక్కించిన పప్పు, ఎండ నడినెత్తికి వచ్చినా పలుకు పలుకుగానే ఉంది. కట్టెలు అయిపోయాయి గానీ పప్పు మెత్తబడలేదు.

"మా ఊళ్ల రాళ్లు తక్కువైనయని వికారాబాద్ సేటు వండి పెడుతుండు!" అన్నాడొకడు. జనమంతా నవ్వుతూ లేచిపోయారు.

పదేళ్ల పేరు ఒక్క పూటలో పోయింది.

మర్నాడు సిగ్గు విడిచి, ఆ గుట్టేమిటో అడుగుదామని బయల్దేరాడు.

ముక్తార్ ఇచ్చిన చాయ్‌ని నర్సింహులు నోట్లో పెట్టుకోలేకపోయాడు. కొండమ్మ అంబలి కుండ బోర్లించి ఉంది. శంకరమ్మ గరిటెతో పప్పును మెదుపుతూ తిట్టుకుంటోంది.

మొన్నటి రుచి ముగ్గురికీ ఒక్కసారే ఎలా పోయింది?

"ఏమైందమ్మా?"

"ఇస్మాయిల్ తాత ఊరు ఇడిసి పోయిండు సేటు. బషీరాబాద్, బిడ్డ కాడికి."

"ఆయన పోతే నీ పప్పుకేమైంది?"

"తాండూర్ల ఏ బాయి తోడినా సున్నపు నీళ్లే. గవిట్ల పప్పు ఉడుకుతదా? రెండు మైళ్ల అవతలికెల్లి తోలుతిత్తిల మంచినీళ్లు మోసుకొచ్చి మాకు పోసేది గాయనే. భుజం పడిపోయింది పాపం. నాలుగో దుకాణం దొరికితే ఎద్దుబండి పెట్టుకుంట, లేకుంటే ఇంక మొయ్యలేనన్నడు."

"మరి నాకు ఒక్క ముక్క చెప్పలేదు!"

"గాయనకు అడుక్కునుడు రాదు సేటు. కొత్తగ పొయ్యి పెట్టినోళ్ల గంగాళం తెల్లారకముందే నింపి పోతడు. గా నీళ్లల్ల పప్పు ఉడికినంక వాళ్లే నీళ్లు పోసిందెవరని దేవులాడుకుంట వస్తరు. నీది నింపలేదా?"

నర్సింహులుకు ఆనాటి తోలు వాసన గుర్తొచ్చింది.

బోర్లించిన గంగాళాన్ని కళ్లారా చూసి కూడా, ఇంకోసారి తన ఇంట నీళ్లు పోద్దామనే ఆ ముసలాయన తనను ఊరంతా తిప్పాడు.