బోర్లించిన గ్లాసు

"నా కొడుకును పట్టిచ్చినోడెవడో తెలీకుండానే నేను పోతానేమో నాగరాజూ," అంది తిరుపాలమ్మ, చీకటి పడుతుంటే.

వలస వచ్చిన ఎడారి దేశంలో, ఖైతాన్ పేట మూలమీది ఆ పాత టీ కొట్టు తిరుపాలమ్మ కొడుకు పెంచల్‌ది. దేశాన్ని ఆక్రమించిన ఇరాక్ సిపాయిలు అతన్ని లాక్కెళ్లి నెలైంది. రోజూ వచ్చేవాళ్లకు అక్కడ ఎవరి గ్లాసు వాళ్లకుంది. మనిషి చచ్చిపోతే పెంచల్ ఆ గ్లాసును అరలో బోర్లించేవాడు.

"టీ పొయ్యి అత్తా. వాడొస్తాడులే," అన్నాడు నాగరాజు.

ఆమె అరలో చెయ్యి పెట్టి ఆగిపోయింది. నాగరాజు గ్లాసు బోర్లించి ఉంది.

"దీన్ని బోర్లించింది నువ్వేనా అత్తా?" నాగరాజు లేచి నిలబడ్డాడు.

"నేను ముట్టుకోలేదు నాయనా." ఆమె షట్టర్ కిందికి దించి లోపల్నుంచి తాళం వేసింది. "చెప్పు. ఎవురు పట్టిచ్చినారు?"

నాగరాజు తాళం వైపు చూశాడు. స్టవ్ బుసబుస ఆగిపోయింది. నెలగా తాళం వేసి ఉన్న లోపలి గది చీకట్లోంచి జవాబొచ్చింది.

"వాడేనమ్మా," అన్నాడు పెంచల్.