పక్క సీటు పంచాయితీ

“ఆయన్ని దిగమనండి,” అన్నాడు మేనేజర్ తేయూన్. “కంపెనీ బండిలో డ్రైవర్ పక్కన మొగుళ్లూ పెళ్లాలూ కూర్చోకూడదు. కొత్త రూలు.”

“దిగడు,” అంది సున్‌దోక్, స్టీరింగు మీంచి చెయ్యి తియ్యకుండానే. “ఆయన మొగుడిగా కూర్చోలేదు. దారి చెప్పేవాడిగా కూర్చున్నాడు.”

ఆ దారి చెప్పే మనిషి గాప్సూ, కిటికీ పక్కన టోపీ ముక్కు దాకా లాక్కుని, అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

తేయూన్ సియోల్ నుంచి పూసాన్‌కి వచ్చి మూడు రోజులే అయింది. ఊళ్లో తిరిగే లారీలకు ఏ నావిగేషన్ మంచిదో తేల్చి, అన్ని బండ్లకూ దాన్నే బిగించమని పైవాళ్లు పంపారు. చేతిలో మూడు రకాల యంత్రాలున్నాయి. ఇక పక్క సీట్లో మనిషితో పనేముంది?

“ఇరవై ఆరేళ్లు ఈ బండి మీరే నడిపారట కదా,” అన్నాడు గాప్సూతో. “ఇప్పుడు ఆవిడ చేత తిప్పించడానికి సిగ్గనిపించట్లేదా?”

“నా వంతు అయిపోయింది బాబూ. ఇప్పుడు దాని వంతు.”

హార్బరు దగ్గర చేపలెక్కిస్తున్న మిగతా డ్రైవర్లు మొహాలు అటు తిప్పుకుని నవ్వుకున్నారు.

“అయితే పందెం,” అంది సున్‌దోక్. “ట్యాంకులో ఉన్నవి బతికున్న చేపలు. పన్నెండు లోపు కొండమీది హోటల్‌కి చేరాలి. మీ మూడింట్లో ఒక్కటి ఈయన కన్నా మంచి దారి చెప్పినా ఈయన దిగిపోతాడు. నేనూ దిగిపోతా, తాళం నీ చేతిలో పెడతా. అవి ఓడితే మటుకు ఆ సీటు ఈయనది. ఇక ఏ రూలూ చదవకూడదు.”

“సరే,” అని తేయూన్ ఎక్కాడు. కిటికీ వదలనన్నాడు గాప్సూ. దాంతో మేనేజర్‌గారు ఇద్దరి మధ్యా ఇరుక్కుని, మూడు తెరలూ ఒళ్లో పరుచుకున్నాడు. అప్పుడు దించిన తల మళ్లీ ఎత్తితే ఒట్టు.

మొదటి యంత్రం చంటిపిల్ల గొంతుతో “కుడికి తిరగండి” అంది.

“తిరగొద్దు,” అన్నాడు గాప్సూ. “ముందు రైలు వంతెన. దాని ఎత్తు రెండు మీటర్ల ఎనభై. మన ట్యాంకు మూడు దాటింది. ఒకసారి సర్కస్ వాళ్ల జిరాఫీని ఆ వంతెన కిందనించే తీసుకెళ్లా. వంగమంటే వంగింది. ఈ ట్యాంకు నా మాట వినదు.”

తేయూన్ చంటిపిల్ల నోరు మూయించాడు. రెండోది వార్తలు చదివే మగగొంతు. సముద్రం ఒడ్డు వెంట చుట్టు తిప్పి తీసుకెళ్తానంది. పన్నెండున్నరకు చేరుస్తానని తానే చెప్పుకుంది.

“అప్పటికి హోటల్‌వాడికి చేపలుండవు, పులుసుంటుంది,” అంది సున్‌దోక్.

ఇక మిగిలింది లారీల కోసమే ప్రత్యేకంగా చేసింది. ఎత్తూ బరువూ అన్నీ తెలుసు దానికి. గొంతు కూడా తేనె. “తిన్నగా వెళ్లండి” అంది.

“ఇవాళ పదిహేడు కదుటే?” అన్నాడు గాప్సూ.

“పదిహేడే.”

“రెండూ ఏడూ వచ్చే తేదీల్లో ఆ వీధంతా సంత. ముసలమ్మలు ముల్లంగి కుప్పలేసి నడిరోడ్డు మీదే కూర్చుంటారు. పోలీసు చెప్పినా లేవరు, ఈ తేనెగొంతు చెబితే లేస్తారా? నూనె గానుగ సందులోంచి పోనీ.”

బండి కొండెక్కడం మొదలెట్టింది. ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. “ఎడమకి, ఎడమకి” అంటోంది తేనెగొంతు.

“ఎడమకి పోతే ఇరుక్కుంటాం. ఎవరో కిమ్చీ ఊరగాయ పెడుతున్నారు.”

సందు మొగలో బండి కాస్త ఆగింది. సున్‌దోక్ మోచేత్తో పొడిస్తే తేయూన్ తల ఎత్తక తప్పలేదు. ఎడమ సందులో క్యాబేజీలు గోడంత ఎత్తున ఉన్నాయి. ఎర్ర రబ్బరు చేతితొడుగుల ఆడవాళ్లు పదిమంది దారికి అడ్డంగా కూర్చుని కారం పూస్తున్నారు.

“మీకెలా తెలిసింది?”

“వెల్లుల్లి ఘాటు. సియోల్లో మీకు ముక్కు కోసి పంపారా?” అని, పెళ్లాం వైపు తిరిగి, “నీలం గేటొస్తుంది, పక్క అద్దం మడిచెయ్. బ్రేకు గట్టిగా కొట్టకు, చేపలకు కళ్లు తిరుగుతాయి” అన్నాడు.

గోడ వేలెడు దూరంలో జారిపోయింది.

హోటల్ ముందు ఆగేసరికి పదకొండూ నలభై. వలలోకెత్తిన చేప తోకతో కొట్టిన దెబ్బకు మేనేజర్ చొక్కా తడిసిపోయింది. అతను మూడు యంత్రాలూ ఆపి సంచిలో పడేశాడు.

“ఓడిపోయాను,” అన్నాడు సున్‌దోక్‌తో. “సీటు ఆయనదే. రూలు నేను చింపేస్తా. కానీ ఒక్కమాట. ఇంత తెలిసిన మనిషి కాళ్లు చాపుకుని కూర్చుంటే, మీరు ఒళ్లు హూనం చేసుకోవడం అన్యాయం కదండీ. రేపట్నించి స్టీరింగు ఆయన చేతికివ్వండి. కావాలంటే కాగితం నేనే రాసిస్తా.”

సున్‌దోక్ వల దులుపుకుంటూ అతన్ని ఎగాదిగా చూసింది.

“రాసివ్వు బాబూ. ఆయనకి చూపు పోయి ఆరేళ్లయింది.”