రెండు రింగుల పేటెంటు

"ఆ గాజులు తియ్యకే అమ్మా, నీకు దండవెడతాను!" అని ధనరాజ్ మొత్తుకుంటూనే ఉన్నాడు. తులసమ్మ చేతులకు సబ్బు రాసుకుని, రెండు బంగారు గాజులూ లాగి, ఎదురుగా కూర్చున్న ఎడ్విన్ రాజు ఒళ్ళో పెట్టేసింది.

కోడలు హైమ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. తాతలు వలసొచ్చిన ఈ దేశాన్ని సైన్యం చేజిక్కించుకుంది; వీధిలో సైనికుల లారీలు. బ్యాంకులు తలుపులు వేసి రెండు నెలలు. పబేడాన్‌ పేటలో వాళ్ళ టిఫిన్ కొట్టూ మూతపడింది. ఇంటికి మిగిలిన ఆధారం ఆ రెండు గాజులే.

ఎడ్విన్ పై అంతస్తులో ఉండే కంప్యూటర్ మనిషి; కొట్టు నడిచిన రోజుల్లో అక్కడే టిఫిన్ తింటూ తులసమ్మతో గంటలకొద్దీ కబుర్లాడేవాడు. అతనిది నలుగురితో నడిచే కంపెనీ. నెట్ అమ్మకాలకు పనికొచ్చే ఓ పద్ధతి మీద దానికి సింగపూర్‌లో పేటెంటు ఉంది. ఓ పెద్ద కంపెనీ అడక్కుండా అదే పద్ధతి వాడుకుని కోట్లు గడిస్తోంది. కోర్టుకెక్కాలంటే లాయరుకు డబ్బు కావాలి. ఇచ్చినవాళ్ళకు కంపెనీలో వాటా.

"ఆ పద్దతేటో నీకు తెలుసా అసలు?" అన్నాడు ధనరాజ్.

"తెలక్కేటి? నెట్ పోయినా బేరం ఆగకూడదు. రెండు రింగులిచ్చి కట్ చేత్తే రోజూ కొనే సరుకే కావాలని. మూడైతే రెట్టింపు. నెట్ వచ్చాక ఫోనే చిట్టా కలుపుకుంటాది."

"ఎడ్విన్ బాగానే వల్లె వేయించాడు! ఏ తిన్నదరగనోడు కనిపెట్టాడో!"

"అరక్కపోతే వాము నమలమను," అని తులసమ్మ లేచిపోయింది.

ఏడాదిన్నర గడిచింది. లత అనే పేట బజారులో ఎదురుపడితే చాలు, పక్కింటి అచ్చమ్మ "తులసమ్మ గాజులు సముద్రం దాటేసేయంట గదా!" అని దెప్పేది. లాయరు మళ్ళీ ఫీజడిగినప్పుడు, మొగుడితో చెప్పకుండా హైమే తన చెవిదుద్దులు తీసిచ్చింది. అత్తగారి బోసి చేతులు చూస్తూ ఊరుకోలేకపోయింది మరి.

ఒక మధ్యాహ్నం ఎడ్విన్ మెట్లు దూకుతూ దిగాడు.

"గెలిచాం మామ్మా! పద్దతి మనదేనంది కోర్టు! ఇక ఆళ్ళు ఆ దారిన అమ్మే ప్రతి బేరానికీ మనకు వాటా కట్టాల!"

సైన్యం మీద నిరసనగా రాత్రిళ్ళు గిన్నెలు మోగించే మేడంతా ఆవేళ పట్టపగలే మోగించింది. కింద నిలబడ్డ సిపాయి తలెత్తి చూసి, ఏమీ అర్థంకాక నడిచిపోయాడు. హైమ ఏడుస్తూ నవ్వింది. ధనరాజ్ ఎడ్విన్ని వాటేసుకున్నాడు.

"ఒరే ఎడ్విన్, అది కనిపెట్టిన మారాజెవుడ్రా? ఆడి కాళ్ళు కడిగి నెత్తిన జల్లుకుంటాను!"

తులసమ్మ గభాల్న కాళ్ళు చీర కుచ్చెళ్ళలోకి లాక్కుంది. ఎడ్విన్ నవ్వుతూ పేటెంటు కాగితం హైమ చేతికిచ్చి, కనిపెట్టినవారి పేరు మీద వేలు పెట్టాడు.

అది అత్తగారి పేరు.