మూడో ప్రశ్న

డాక్టరు రోజూ అడగమన్న ప్రశ్నల కోసం ఏబెల్ ఆ ఉదయం కూడా భార్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“రాణీ, ఈ పొద్దు ఏం వారం?”

కృపారాణి అతని వంకే చూసింది. పెదవి కదలలేదు. ఏబెల్ గోడ గడియారం వైపు చూశాడు.

“సరే, మనం ఉండేది ఏ ఊరు?”

“శుక్రవారం.”

“నేనెవురు?”

“తిరుచానూరు.”

ఇక వినలేక ఏబెల్ హెల్మెట్ అందుకుని బయటపడ్డాడు. పూతలపట్టు దగ్గర బండి జారి ఆమె తలకు దెబ్బ తగిలినప్పటి నుంచీ ఇదే వరస. కట్టుకున్నవాణ్ణి పట్టుకుని తిరుచానూరు అంటే ఎవరికి చెప్పుకోవాలి? ఒకప్పుడు మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఇప్పుడు ఇంట్లో ఇద్దరున్నా ఒంటరితనం అతన్ని పీక్కు తింటోంది. రేపు ఆమెను పాకాలలో ఆమె అక్క ఇంట్లో వదిలేద్దామని నిశ్చయించుకున్నాడు. తననే గుర్తుపట్టని మనిషి ఎక్కడుంటేనేం?

ఆఫీసులో అతని జూనియర్ రూపశ్రీ వేడి, తేమ కొలిచే ఒక సెన్సరు పట్టుకుని నిలబడి ఉంది.

“దీన్ని పారేద్దామా సార్? పిచ్చి పట్టినట్టుండాది. వేడి ఎంతంటే పలకదు. తేమ ఎంతంటే వేడి చెప్తాది.”

సర్క్యూట్ బోర్డు ఆ సెన్సరుతో మాట్లాడేందుకు ఆమె రాసిన డ్రైవరు ప్రోగ్రాము తెరిచి చూసి, ఏబెల్ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

“దానికేం పిచ్చి లేదు, నీకే తొందర. టైమౌట్, అదే జవాబు కోసం కాచుకునే టైము, మరీ తక్కువ పెట్టినావు. అది జవాబు చెప్పేలోపలే నువ్వు ఇంకో ప్రశ్న ఏస్తా ఉండావు. పాత జవాబొచ్చి కొత్త ప్రశ్న కింద పడతా ఉండాది.”

టైమౌట్ పెంచాడు. సెన్సరు బుద్ధిగా పలికింది.

“భలే కనిపెట్టినారు సార్!” అంది రూపశ్రీ.

ఏబెల్‌కు ఆ మాట చెవిన పడలేదు. రాణి బట్టలు ఏ సంచీలో సర్దాలా అని ఆలోచిస్తున్నాడు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి పక్కింటి తిరుమలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పగలంతా రాణికి ఆమే తోడు. ఏబెల్ పాకాల సంగతి చెప్పాడు.

“నేనెవురో కూడా తెలీని మనిషిని ఈడ పెట్టుకొని ఏం చేసేదమ్మా?”

తిరుమలమ్మ వింతగా చూసింది.

“అదేందప్పా, దినామూ నువ్వట్ల బండి తీసి పోతానే ‘మా ఆయన’ అంటాది కదా, నువ్వు యాడికి పోయినావని అడగతా ఉండాదేమోనని, ఆపీసుకు పోయినాడు తల్లీ అని నేనే చెప్తా ఉండా.”